మూడు ఐవీఎఫ్‌లు అయ్యాయి, ఇప్పుడు ఫోస్టర్ కేర్ అంటున్నారు. ఒప్పుకుంటే విశ్వాసం వదిలేసినట్టా?

లేసుదారం (నరసాపురం వైపు) • 14 సెప్టెంబరు 2024

అందరికీ వందనాలండీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

పెళ్లయి పదకొండేళ్లు. నాకు 36, మా ఆయనకు 41. ఆయన రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు, నేను ఇంట్లో లేసు అల్లుతాను. పిల్లల కోసం రెండుసార్లు ఐయూఐ, మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాం. మూడోసారి నిలిచింది. స్కానింగులో గుండె కొట్టుకోవడం ఇద్దరం చూశాం. తొమ్మిదో వారం వెళ్తే డాక్టరమ్మ ఏమీ అనకుండా ఆ తెరని పక్కకి తిప్పేసింది. ఆ తిప్పడంలోనే నాకు అర్థమైపోయింది. మామగారిచ్చిన అరెకరం కొబ్బరితోట ఈ ఖర్చులకే పోయింది. ఇంక ఒంట్లో ఓపిక లేదు, చేతిలో డబ్బు లేదు.

2022లో కారాలో (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పేరు నమోదు చేయించుకున్నాం, రెండేళ్లలోపు బిడ్డ కావాలని. ఇంకా మా వరస రాలేదు. మొన్న జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్తే అక్కడి మేడమ్ ‘ఫోస్టర్ కేర్ ఆలోచించారా’ అని అడిగింది. అంటే దత్తత కాకుండా పిల్లని మనింట్లో ఉంచుకుని పెంచడమట. బాలసదనంలో ఎనిమిదేళ్ల పాప ఉందట. తల్లి చనిపోయింది, తండ్రి ఎవరో తెలీదు, అమ్మమ్మ ఉంది గానీ సాకలేదు.

ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. మా మందిరంలో ఒక పెద్దావిడ ‘శారా తొందరపడి హాగరును ముందుకు తోసినట్టే ఇది, దేవుడు ఇవ్వబోయేదానికి నువ్వే తలుపు మూసుకుంటున్నావు’ అంది. (బైబిల్లో పిల్లలు లేని శారా, దేవుడిచ్చే బిడ్డ కోసం ఆగలేక తన దాసి హాగరును భర్తకిచ్చింది.) అత్తగారేమో ‘ఎనిమిదేళ్ల పిల్ల మనదెప్పుడవుద్ది, రేపు అమ్మమ్మ వచ్చి తీసుకుపోతే?’ అంటున్నారు. ఇద్దరి మాటా నాకు గుచ్చుకుంది. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ప్రార్థనా_సహోదరి • 14 సెప్టెంబరు 2024

చెల్లీ, నీ బాధ నాకు తెలుసు. కానీ హన్నా ఎన్నేళ్లు ఏడ్చింది? ఎలీసబెతు వృద్ధాప్యంలో కనలేదా? 36 అంటే ఏం వయసు? ఇంకో రెండేళ్లు ఉపవాసంతో కనిపెట్టు. నా చెల్లెలికి పదిహేనేళ్ల తర్వాత పుట్టాడు. తలుపు మూయకు.

కడియం_మొక్క • 15 సెప్టెంబరు 2024

అక్కా, ఇలాంటిచోట మగాళ్లు రాయరు. అందుకే రాస్తున్నాను.

మాది కడియం దగ్గర నర్సరీ. లోపం నాలో ఉంది. వీర్యకణాలు అసలు లేవని పరీక్షలో వచ్చింది. ఆ కాగితం నాలుగేళ్లు మొక్కల మందులు పెట్టే బీరువాలో దాచాను. ఆ నాలుగేళ్లూ మావాళ్లు మా ఆవిణ్ణి పేరంటాలకి పిలవలేదు. మా పెదనాన్న కోడలి సీమంతానికి వెళ్తే గాజులు తొడిగే వరసలోంచి లేపేశారు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ కాగితం సంగతి ఆవిడకి మొదటి ఏడాదే తెలుసని, నా పరువు కోసం ఊరుకుందని నాకు తర్వాత తెలిసింది. ఆరోజు రాత్రే కాగితం తీసుకెళ్లి మా అమ్మ ఒళ్లో పెట్టాను.

2019లో కారాలో రాయించుకున్నాం. సోషల్ వర్కరు ఇంటికొచ్చి నివేదిక రాసుకుంది. మీరెందుకు పెంచుకుందామనుకుంటున్నారు అని ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. 2022లో మెసేజి వచ్చింది. పిల్లాడి ఫోటో, ఆరోగ్య నివేదిక చూసుకుని 48 గంటల్లో మావాడని చెప్పాలి. మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. పధ్నాలుగు నెలల బుల్లోడు. శిశుగృహ నుంచి తెచ్చాక మూడు వారాలు నా భుజం మీదే పడుకున్నాడు, పక్క మీద వేస్తే లేచి ఏడిచేవాడు. కాగితాలు నడుస్తుండగానే చట్టం మారింది. 1 సెప్టెంబరు 2022 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాదు, కలెక్టరుగారే ఇస్తున్నారు.

మీ శారమ్మ కథ నాకు అంతగా తెలీదు. మావైపు సీతమ్మ నాగేటిచాలులో దొరికింది. జానకి అనే పేరులోనే పెంచిన తండ్రి పేరుంది.

ఇంకొకటి. అంటు కట్టడం మా పని. కట్టినచోట ముడి చెట్టు ఎంత పెద్దదైనా కనిపిస్తూనే ఉంటుంది. బాగోలేదని దానిమీదకి మట్టి ఎగదోస్తే అక్కడే కుళ్లు మొదలవుతుంది. మావాడికి మాటలు రాకముందు నుంచే వాడు మా ఇంటికి ఎలా వచ్చాడో కథలా చెప్తున్నాం.

సామర్లకోట_రాజు • 15 సెప్టెంబరు 2024

మేమూ ఇదే పరిస్థితి. తెలిసినాయన ఒకడు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డని నేరుగా ఇప్పిస్తానంటున్నాడు, జనన ధృవీకరణ పత్రంలో మా పేర్లే వేయిస్తాడట. నాలుగైదేళ్లు ఆగేకన్నా అదే నయం కదండీ?

రిటైర్డ్_బాబాయి • 15 సెప్టెంబరు 2024

రాజుగారూ, ఆయనతో ఇక మాట్లాడకండి. అది దత్తత కాదు, బిడ్డని కొనడం. బాల న్యాయ చట్టం 80వ సెక్షను కింద పద్ధతి తప్పి దత్తత తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అమ్మకం అని తేలితే 81వ సెక్షను, ఐదేళ్ల దాకా కఠిన శిక్ష. అంతకన్నా పెద్దమాట: ఆ బిడ్డ తల్లి ఇష్టపడి ఇచ్చిందో, బిడ్డ చనిపోయిందని ఆవిడతో చెప్పారో మీకెలా తెలుస్తుంది? చట్టప్రకారం బిడ్డని అప్పగించిన తల్లికి కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువిస్తారు. ఆ గడువు ఆవిడ హక్కు. ఇప్పుడే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి చెప్పండి.

లేసుదారం తల్లీ, నేను ఈ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను. నీకు ఉపయోగపడేవి చెప్తాను.

ఫోస్టర్ కేర్, దత్తత ఒకటి కాదు. దత్తతలో పిల్ల అన్నివిధాలా నీ కూతురు, ఆస్తిహక్కుతో సహా. ఫోస్టర్ కేర్‌లో పిల్లని నీ ఇంట్లో పెంచడానికి బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఇస్తుంది, ఆ పిల్ల మీద చివరిమాట సమితిదే. ప్రతి నెలా తనిఖీకి వస్తారు. నిన్ను అనుమానించి కాదు, చట్టంలోనే అలా ఉంది. అమ్మమ్మ చూడ్డానికి రావచ్చు, పిల్లకి అది మంచిది కాదని సమితి అనుకుంటే తప్ప ఆపరు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకి నాలుగు వేలు పిల్ల పోషణకి ఇవ్వొచ్చు.

2016 నాటి మార్గదర్శకాల్లో ఐదేళ్లు పెంచాకే దత్తత అడగాలని ఉండేది. 2024లో సవరించి రెండేళ్లు చేశారు. అయితే రెండేళ్లు నిండగానే నీదైపోతుందని లెక్క వేసుకోకు. ఆ పిల్ల దత్తతకి చట్టపరంగా స్వేచ్ఛ ఉన్నదని సమితి ప్రకటించాలి. అమ్మమ్మ మాట వింటారు, పిల్ల మాటా వింటారు.

మీరు క్రైస్తవులు కాబట్టి ఒక సందేహం ఉంటుంది. 1956 నాటి దత్తత చట్టం హిందువులకీ బౌద్ధ జైన సిక్కులకీ మాత్రమే. పూర్వం మీవాళ్లు 1890 చట్టం కింద సంరక్షకులుగా ఉండేవారు, అంతే. బాల న్యాయ చట్టం ఏ మతంవారికైనా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014లో ఒక ముస్లిం మహిళ వేసిన కేసులో స్పష్టంగా చెప్పింది. నీకు అడ్డు లేదు.

పాలకొల్లు_టీచర్ • 16 సెప్టెంబరు 2024

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మూడుసార్లు చేశాను. క్షీరారామంలో చేయని అభిషేకం లేదు. మా నాయనమ్మ ఒకమాట అనేది, ‘మొక్కు మొక్కుకునేది దేవుణ్ణి వంచడానికి కాదే, మనం వంగడానికి’ అని. ఇవాళ మీరందరూ రాసినవి చదివాక ఆ మాట గుర్తొచ్చి చాలాసేపు ఏడ్చాను. మేమింకా నిర్ణయించుకోలేదు. చదువుతూ ఉంటాను.

ముమ్మిడివరం_పిల్ల • 18 సెప్టెంబరు 2024

నేను దత్తత వెళ్లినదాన్ని. నాకు 26. అవతలి వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మానాన్నల్లో నాకు లోటు లేదు. కానీ సంగతి నాకు పదిహేడో ఏట ఒక పెళ్లింట్లో, వంటవాళ్ల దగ్గర కూర్చున్న ముసలావిడ నోటివెంట తెలిసింది. ఇంటికొచ్చి అమ్మనడిగితే ‘దేవుడు మా మొర విని నిన్నిచ్చాడు’ అంది. అమ్మ నిజాయితీగానే అంది. నాకు మాత్రం ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. మీకివ్వడానికి ముందు ఆయన నన్ను ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నాడు? వాళ్ల మొర ఏమైంది?

అక్కా, మీ ప్రార్థనకి ఆ పాప జవాబు కాదు. ఆ పాపకి చనిపోయిన అమ్మ ఉంది, బతికున్న అమ్మమ్మ ఉంది. అది మోయగలిగితే తెచ్చుకోండి. మీ ఖాళీ నింపడానికైతే ఎనిమిదేళ్ల పిల్ల భుజాలకి అది చాలా బరువు. గట్టిగా రాశానేమో, క్షమించండి.

లేసుదారం • 2 అక్టోబరు 2024

రెండు వారాలు జవాబు రాయలేదు. ముమ్మిడివరం చెల్లి రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన లేచి బయటికెళ్లి గట్టుమీద కూర్చున్నారు. చాలాసేపటికి వచ్చి ‘మన బిడ్డ గురించి ఏడవటం మనం పూర్తి చెయ్యలేదు’ అన్నారు. నిజమే. తొమ్మిది వారాల బిడ్డకి ఎవరూ సమాధి కట్టరు, కూటం పెట్టరు. తర్వాతి ఆదివారం పాస్టరుగారిని ఇంటికి పిలిచాం. మేమిద్దరం, ఆయన, అత్తగారు. ఆ బిడ్డ కోసం మొదటిసారి ప్రార్థన చేశాం. అత్తగారు ఎంత ఏడ్చారో! ఆవిడకీ మనవడో మనవరాలో కదా అని నాకు అంతవరకు తట్టలేదు.

హాగరు సంగతి పాస్టరుగారిని అడిగాను. ‘శారా తన కోసం ఇంకొక స్త్రీ కడుపుని వాడుకుంది. నిన్ను అడుగుతున్నది దిక్కులేని పిల్లకి అన్నం పెట్టమని. అమ్మానాన్న లేని ఎస్తేరును మొర్దెకై పెంచాడు, దాన్ని ఎవరూ అవిశ్వాసం అనలేదు’ అన్నారు.

దరఖాస్తు ఇచ్చాం.

ప్రార్థనా_సహోదరి • 3 అక్టోబరు 2024

నీ తొమ్మిది వారాల బిడ్డ సంగతి నేను ముందు అడగలేదు, కనిపెట్టు అని మాత్రం చెప్పాను. అది నా తప్పు. నీ కోసం ప్రార్థిస్తున్నాను.

లేసుదారం • 19 జనవరి 2025

పాప సంక్రాంతికి ముందు ఇంటికొచ్చింది. అసలు పేరు రాయకూడదు, ఇక్కడ బుజ్జమ్మ అంటాను. అంతకుముందు నాలుగుసార్లు బాలసదనానికి వెళ్లి కూర్చుని వచ్చాం. మొదటిసారి నాతో మాట్లాడలేదు, నా చేతిలో లేసు సూది చూస్తూ కూర్చుంది. మూడోసారి దారం చుట్టడం నేర్చుకుంది.

బాలసదనంలో అన్నానికి గంట కొడతారు. ఇక్కడ గంట లేదు. మొదటిరోజు మధ్యాహ్నం వంటింటి గుమ్మం పక్కన కంచం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు, నేను పెరట్లో ఉన్నాను. కూర్చో అంటే కూర్చుంది. పెట్టింది తిని, కంచం కడిగి, గోడకి ఆనించి పెట్టింది. రెండోసారి అడగదు. ఇంకొంచెం వెయ్యనా అంటే తల అడ్డంగా ఊపుతుంది. ఏం వండినా బాగుందంటుంది. పండగకి అరిసెలు చేస్తే ఒకటి తిని ‘మిగతావాళ్లకి?’ అనడిగింది. ఇంట్లో మిగతావాళ్లు లేరు.

బాబాయిగారూ, పిల్ల ఇంత బుద్ధిగా ఉంటే నాకు భయంగా ఉంది.

రిటైర్డ్_బాబాయి • 19 జనవరి 2025

భయపడటం సరైనదే తల్లీ. అది బుద్ధి కాదు, జాగ్రత్త. తప్పు చేస్తే పంపేస్తారని ఆ పిల్లకి అనుభవం చెప్పింది. అల్లరి మొదలైన రోజున నాకు రాయి, సంతోషిస్తాను.

లేసుదారం • 16 ఫిబ్రవరి 2025

అమ్మమ్మ గురించి రాయాలి.

ఆవిడది అంతర్వేది వైపు, గోదారి అవతల. చేపల గంప మోసి బతికింది, ఇప్పుడు మోకాళ్లు పోయాయి. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో మా ఇంటికొచ్చింది. కొంగున తేగలు కట్టుకొచ్చింది. బుజ్జమ్మ పరిగెత్తుకెళ్లి ఆవిడ పొట్టకి మొహం ఆనించి అలాగే ఉండిపోయింది. నాతో ఒక్కనాడూ అలా చెయ్యలేదు. నా కళ్లు అక్కడినుంచి తిప్పుకుని పొయ్యి దగ్గరికెళ్లాను. అసూయ అండీ. దేవుని ముందు దాచలేనిది మీ ముందెందుకు దాచాలి?

వెళ్లేముందు ఆవిడ నన్నడిగింది, భీష్మ ఏకాదశికి పిల్లని అంతర్వేది తీసుకెళ్లొచ్చా, మొక్కుంది అని. మేం క్రైస్తవులం. ఆ పిల్ల పుట్టింది ఆ స్వామి గుడి నీడన. పిల్ల పుట్టి పెరిగిన పద్ధతిని గౌరవించాలని మేడమ్ ముందే చెప్పింది. మేడమ్ అనుమతి తీసుకుని నేను కూడా వెళ్లాను. ఆ జనంలో ఈ పిల్ల చెయ్యి వదలడానికి నాకు ధైర్యం లేదు. పంటు మీద ముగ్గురం నిలబడ్డాం, మధ్యలో బుజ్జమ్మ. రథం కదిలేటప్పుడు నేను దండం పెట్టలేదు. పక్కన నిలబడ్డాను.

మొక్కు చెల్లించాక ఆవిడ ఇసకలో కూలబడి అంది: ‘నా కూతురు పోయిన్నాటి నుంచీ సామినొకటే అడుగుతున్నానమ్మా. ఈ పిల్లకి బువ్వెట్టే సెయ్యొకటి సూపించు, ఆపైన నన్ను తీసుకుపో అని.’

ముమ్మిడివరం చెల్లీ, నువ్వడిగిన మాట అప్పుడు నాకు పూర్తిగా వినపడింది. పదకొండేళ్లు నేను బిడ్డని అడిగాను. అవతలి ఒడ్డున ఈవిడ చెయ్యిని అడిగింది. ఆవిడ కూతురు బతికుంటే ఈ పిల్ల నా ఇంటికి వచ్చేదే కాదు. అందుకే మందిరంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు ‘దేవుడు నాకు బిడ్డనిచ్చాడు’ అని నా నోటితో అనలేకపోయాను. ‘దేవుడు నన్ను ఆ బిడ్డకి ఇచ్చాడు, నేను సరిపోవాలని ప్రార్థించండి’ అని కూర్చున్నాను.

అంతర్వేది వెళ్లినందుకు ఇద్దరు ముగ్గురు మాతో మాట్లాడటం తగ్గించారు. బాధగానే ఉంది.

ముమ్మిడివరం_పిల్ల • 16 ఫిబ్రవరి 2025

అక్కా, మా అమ్మకి ఇది చదివి వినిపించాను. ఇద్దరం ఆ పెళ్లింటి సంగతి ఇన్నేళ్లకి కూర్చుని మాట్లాడుకున్నాం.

పాలకొల్లు_టీచర్ • 22 జూన్ 2025

మేము కారాలో నమోదు చేసుకున్నాం. నాకు 42, మావారికి 46. ఇద్దరి వయసులూ కలిపితే 85 దాటాయి కాబట్టి రెండేళ్లలోపు పసిబిడ్డ రాదు, రెండు నుంచి నాలుగేళ్లలోపు వాళ్లకి అర్హత ఉందన్నారు. ముందే కళ్లు తెరిచి ఉంటే బాగుండేది. ఇది చదువుతూ తటపటాయిస్తున్నవాళ్లకి ఈ వయసు లెక్క తెలియాలని రాస్తున్నాను.

కడియం_మొక్క • 23 జూన్ 2025

టీచరుగారూ, మూడేళ్ల పిల్లలు కథలు అడుగుతారు. మీకు ఆ పని వచ్చు. లేసుదారం అక్కా, ఎలా ఉన్నారు?

లేసుదారం • 9 నవంబరు 2025

ఆలస్యంగా రాస్తున్నాను. వేసవి మొత్తం కష్టంగా గడిచింది. బుజ్జమ్మకి రాత్రిళ్లు పక్క తడిసేది, దుప్పటి తనే ఉతికి దండెం మీద వెనక్కి ఆరేసేది. బడిలో ఎవరో ‘తెచ్చుకున్న పిల్ల’ అంటే ఆ అమ్మాయి జడ పట్టి లాగింది. ఒకరోజు నేను కోప్పడితే ‘నువ్వు మా అమ్మవి కాదు’ అంది. నిజమే కదా, ‘మీ అమ్మని కాదు, నీ కంచం మాత్రం ఇక్కడే ఉంటుంది’ అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు, నేను అంత తెలివైనదాన్ని కాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. ముందురోజు నుంచే బుజ్జమ్మ గుమ్మం దగ్గర నిలబడి ‘అమ్మమ్మ ఇంటిమీద రేకులు’ అంటూనే ఉంది. మా ఆయన రేవు మూసేయకముందే అవతలికెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చారు. కరెంటు లేదు. గాలికి కొబ్బరిచెట్లు ఊగే చప్పుడు. అత్తగారు కీర్తనలు పాడుతున్నారు, అమ్మమ్మ గోడకి ఆనుకుని నరసింహా నరసింహా అనుకుంటోంది. బుజ్జమ్మ ఇద్దరి మధ్యా నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. నేను తెల్లారేదాకా కాలు కదపలేదు.

అమ్మమ్మ నాలుగు రోజులుండి వెళ్లింది. కాగితాల మీద వేలిముద్ర వేసేస్తానంది. తొందరొద్దన్నాను. రెండేళ్లు నిండటానికి 2027 జనవరి రావాలి, అప్పుడు బుజ్జమ్మనీ అడుగుతారు, అది ఏమంటుందో వినాలి. అమ్మమ్మ రాకపోకలు మాత్రం ఆ తర్వాతా ఇలాగే ఉంటాయని మాటిచ్చాం.

బాబాయిగారూ, అల్లరి మొదలైతే రాయమన్నారు కదా. నిన్న రాత్రి చేపల పులుసు పెట్టాను. బుజ్జమ్మ రెండు ముద్దలు తిని కంచం ముందుకి తోసేసింది. ‘ఉప్పెక్కువైంది. చింతపండు చాల్లేదు. అమ్మమ్మ ఇలా చెయ్యదు, నేను తినను’ అంది. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పది నెలల్లో ఈ పిల్ల మా ఇంట్లో వద్దు అన్న మొదటి కూర అది. గుడ్డు అట్టేసి పెడితే రెండోసారి అన్నం అడిగింది.

వచ్చే శనివారం అమ్మమ్మ వస్తుంది. పులుసు ఎలా పెట్టాలో నేర్పమని కబురు పంపాను.